ఒడ్డున తెలిసే పడవ సంగతి

బనగానపల్లెలో కూర్చుని పడవల గురించి రాస్తానంటే నవ్వేవాళ్లే ఎక్కువ. మామిడికీ నాపరాయికీ పేరున్న ఊరు మాది. సముద్రం చూడాలంటే తూర్పుకు దాదాపు 200 కిలోమీటర్లు పోవాలి. అయితే పక్కనే అవుకు రిజర్వాయరు ఉంది, ఎర్రమల కొండల నడుమ నీళ్లు నిలిచి ఉంటాయి, పర్యాటకుల కోసం పడవలు తిరుగుతుంటాయి. ఇంకొంచెం ఉత్తరానికి పోతే సంగమేశ్వరం దగ్గర కృష్ణ. పడవ ఎంతకాలం మన్నుతుందో తేల్చే చోటు నడినీరు కాదు, ఒడ్డు. అది మా రాతి నేలలో తెలిసినంత బాగా ఇసుక తీరంలో తెలియదు.

రిజర్వాయరు ఒడ్డుకు ఒక చోటంటూ ఉండదు. సంగమేశ్వరాన్ని ముంచే శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. ఎండాకాలానికి అది దిగిపోతూ, ఏడాదిలో చాలా నెలలు మునిగి ఉండే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. నిన్న పడవ ఆగిన చోట ఇవాళ బురద, దాని కింద రాయి. నది గుండ్లను వేల ఏళ్లు దొర్లించి నున్నగా చేస్తుంది. మునక భూమిలో రాయికి ఆ అవకాశం ఇంకా రాలేదు. అందులోనూ నాపరాయి పొరలు పొరలుగా విడుస్తుంది, విరిగిన అంచు కత్తిలా ఉంటుంది. పైన అరడుగు నీళ్లుంటే ఆ అంచు కంటికి ఆనదు.

ఇలాంటి ఒడ్డుకు మనవాళ్లు కనిపెట్టిన జవాబు పుట్టి. హరిగోలు అని కూడా అంటారు. వెదురు బద్దలు అల్లి గుండ్రటి గంపలా కడతారు. వెనకటికి పైన తోలు కప్పేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ సంచుల పట్టాలు చుట్టి తారు పూస్తున్నారు. ఇందులో మేకు లేదు, వెన్నుదూలం లేదు. రాయి తగిలితే ఆ చోట అల్లిక లోపలికి నొక్కుకుంటుంది, దెబ్బ పక్క బద్దలకు పాకి పలచబడుతుంది, రాయి దాటాక మళ్లీ పైకి లేస్తుంది. అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి జానెడు నీళ్లున్నా తేలుతుంది.

ఈ సంగతి కొత్తదేం కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసువాడు డొమింగో పాయెస్, తుంగభద్ర మీద ఈ తోలు గంపల్లో పదిహేను, ఇరవై మంది దాటడం గురించీ, అవి తిన్నగా పోక గిరగిరా తిరగడం గురించీ రాశాడు. తరవాత 1803లో మరాఠాలతో యుద్ధానికి బయల్దేరిన ఆర్థర్ వెల్లెస్లీ సైన్యాన్ని నదులు దాటించడానికి బుట్ట పడవలు చేయించాడు. వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ అతనే. ఫిరంగులున్నవాడికీ ఏరు దాటడానికి గంపే దిక్కయింది.

అయితే పుట్టిని కాపాడేది వెదురు ఒక్కటే అనుకుంటే పొరపాటు. దిగే పద్ధతి చూడండి. ఒడ్డు దగ్గరపడగానే నడిపేవాడు తెడ్డు వేయడం మాని, అదే తెడ్డుతో అడుగు తడుముతాడు. టక్కుమంటే రాయి, మెత్తగా దిగితే బురద. మోకాలి లోతు రాగానే తాను ముందు నీళ్లలోకి దిగి పుట్టిని చేత్తో పట్టుకుంటాడు. ఎక్కినవాళ్లు తొందరపడి అంచు మీద కాలేస్తే గంప బోర్లాపడుతుంది, అందుకని ఒక్కొక్కరినీ దింపుతాడు. ఖాళీ అయ్యాక దాన్ని ఈడ్చడు, ఎత్తి బోర్లించి నెత్తిన పెట్టుకుని పోతాడు. తారు మా ఎండకు కరుగుతుంది గనక నీడన ఆనిస్తాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని సామెత. పుట్టివాడు మాత్రం ఏరు దాటాకే పడవకు ఎక్కువ మర్యాద చేస్తాడు.

కోస్తాలో ఇదే తెలివి ఇంకో రూపంలో ఉండేది. మసూలా పడవను మామిడి పలకలతో చేసేవారు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టి, కుట్ల కింద పీచు దట్టించేవారు. మద్రాసులో రేవు కట్టకముందు ఓడలు దూరాన లంగరు వేసుకుంటే, మనుషుల్నీ సరుకునూ అలల మీదుగా ఒడ్డుకు చేర్చింది ఈ కుట్టు పడవలే. మేకులు కొట్టిన గట్టి పడవ అల విసిరికొడితే నెర్రెలిచ్చేది, కుట్టు పడవ మాత్రం ఒంగి లేచేది. కారే నీటిని ఎప్పటికప్పుడు తోడి పారబోయాల్సిందే, అది వేరే సంగతి.

ఇప్పుడు ఫైబర్ కాలం. కోస్తా తెప్పల, పడవల స్థానంలో ఫైబర్ గ్లాస్ పడవలు వచ్చాయి. సరదాగా సముద్రంలో తెడ్డేసేవాళ్ల కయాక్‌లు, పదహారు పదిహేడు అడుగుల పొడవున్నా పాతిక కిలోలకు అటూ ఇటూగా తూగేవి, అదే జాతివి. గాజు నార పొరల్ని రెసిన్‌తో అంటించి, పైన జెల్‌కోట్ అనే గట్టి పూత వేస్తారు. గాజు నార లాగుడుకు మహా గట్టిది, కానీ ఒక్క మొన మీద పడ్డ దెబ్బకు పై పూత సాలెగూడులా చిట్లుతుంది. ఆ చీలికల్లోంచి తడి లోపలి పొరల్లోకి చేరితే పొరల పట్టు సడలుతుంది. ఇసుకలో రోజూ ఈడ్చినా, దెబ్బ లేకుండానే అడుగు గీత అరిగిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు అక్కడ అదనంగా ఒక నార పట్టీ వేయిస్తారు.

ఫైబర్‌ను నేను తిట్టను. అది చెక్కలా కుళ్లదు, దానికి చెద పట్టదు. కాకపోతే దానికి పుట్టి గుణం లేదు, ఆ గుణాన్ని నడిపేవాడే తెచ్చుకోవాలి. అలలు విరిగే గీతకు అవతలే ఆగి, పెద్ద అలల వరసను పోనిచ్చి, ఒక అల వెనకభాగం మీద లోపలికి వచ్చి, అడుగు నేలకు తగలకముందే దిగాలి. దిగేది సముద్రం వైపు. పడవకూ ఒడ్డుకూ మధ్య నిలబడకూడదు, నీళ్లు నిండిన పడవ బరువు క్వింటాళ్లలో ఉంటుంది, అల దాన్ని మోకాళ్ల మీదికి తోస్తే ఎముక విరుగుతుంది. సగం నీళ్లలో, సగం రాతి మీద పడవను వదిలేయడం అన్నిటికంటే చెడ్డ పని. ప్రతి అలకూ అది లేచి అదే రాయి మీద పడుతుంది.

బాగుచేతలో మాత్రం రెండూ ఒకే కోవ. పుట్టికి చిల్లి పడితే పట్టా ముక్క, కాచిన తారు. ఫైబర్‌కు చిట్లిన చోట చుట్టూ గీకి, బాగా ఆరబెట్టి, నార ముక్కలు చిన్నదాని మీద పెద్దది వేస్తూ రెసిన్‌తో అద్దాలి. చిక్కంతా మా మే నెల ఎండతోనే. గట్టిపరిచే మందు మామూలు పాళ్లలో కలిపితే రెసిన్ కుంచె ముంచేలోపే గిన్నెలో బిగుసుకుంటుంది. మందు కొంచెం తగ్గించి, తెల్లారుజామునే నీడలో పని ముగించుకోవాలి. ఆ వేళకు నాపరాయి గోడ కూడా కాస్త చల్లబడి ఉంటుంది.