మేం పుస్తకం తెరిచే పద్ధతి

పుస్తకం గొప్పదని పదిమంది చెబితే చదివేసే రోజులు మాకు పోయాయి. ఆ పదిమందిలో మావాడు ఒక్కడూ లేడని తెలిశాక మా కొలతలేవో మేమే చూసుకుంటున్నాం.

మొదట సాయిబు నోరు చూస్తాం. కథలోకి సాయిబు వస్తాడు. జట్కా తోలేవాడో, కసాయో, దొర గేటు దగ్గర జవానో. నోరు తెరిస్తే 'నీకీ, మాకీ' అంటూ వచ్చీరాని తెలుగు. ఆ ఊళ్లోనే పుట్టి, ఆ ఊరి తెలుగులోనే కొట్లాడుకునే మాకు ఈ భాషని ఎవరు అంటగట్టారు? ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు మాట్లాడే మా పిల్లల్ని ఆ రచయిత ఎన్నడూ వినలేదు. వినకుండా రాసినవాడు చూడకుండా కూడా రాసుంటాడని మా అనుమానం. ఇరవై పేజీలు ఓపిక పడతాం, అంతే.

తర్వాత గుమ్మం. బజార్లో కనిపించిన సాయిబు వెనకాలే రచయిత ఇంటిదాకా వెళ్లాడా? అత్తరు, సేమ్యా, బిర్యానీ ఉన్నంత మాత్రాన మా ఇల్లు కథలోకి రాదు. అవి పండక్కొచ్చిన చుట్టానికీ కనిపిస్తాయి. మామూలు మంగళవారం నాడు అమ్మీ ఏం వండిందో రాసినవాడే లోపలికొచ్చినవాడు.

అన్నిటికన్నా గట్టి పరీక్ష తెలంగాణ సాయుధ పోరాటం మీద నవల. దాన్ని చివరి పేజీల నుంచి తిరగేస్తాం. 1948 సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ రోజు జెండా ఎగరేసి నవల ఆగిపోయిందా, 18న అందులో తెల్లారిందా? పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందాన్ని పంపింది ప్రభుత్వమే. 16 జిల్లాల్లో 9 తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది పోయారని వాళ్లు రాశారు. ఆ నివేదిక జనం కంట పడింది 2013లో. ఎక్కువ చావులు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే, తెలుగు జిల్లాల్లో కాదు అంటారు. నిజమే. బీదర్‌కీ జహీరాబాద్‌కీ మధ్య దూరమెంతని?

రజాకార్ల దుర్మార్గం రాయొద్దని మేం అనం. రాయాలి. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని చంపింది వాళ్లే గదా. కానీ రజాకారున్న నవల్లో షోయబుల్లా లాంటివాడు ఒక్కడైనా ఉన్నాడా? విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించి ప్రాణం పోగొట్టుకున్న బందగీ, పోరాటంలో ఉన్న మఖ్దూం, వీళ్ల నీడైనా పడని పుస్తకం పోరాటం గురించి కాదు, మా మీద రాసిన ఫిర్యాదు.

ఇక మావాళ్ల పుస్తకాలు. వాటికి రాయితీ ఏమీ లేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' వచ్చాక మా కొలత ఇంకా కఠినమైంది. వెలిసిపోయిన దివాన్‌ఖానాని తల్చుకుని నిట్టూర్చే కథ ఏదైనా చదివితే, ఇందులో దూదేకులవాళ్లెక్కడ, ఫకీరెక్కడ అని అడుగుతాం. దూది ఏకి బతికిన నూర్‌బాషాకి హవేలీ జ్ఞాపకం ఎక్కణ్నించి వస్తుంది? బురఖాలో ఆడమనిషి ఏడవడానికే కథలోకి వస్తే, రాసింది సాయిబైనా సరే, పక్కన పెడతాం. ఆమెకి కోపం రావాలి. మొగుడి మీద, ముల్లా మీద, ఆమెని చూసి జాలిపడే పక్కింటి కథానాయిక మీద కూడా.