వ్రాతతీరు తగవులు: వికీపీడియా తీర్పులపై విమర్శనము

విజ్ఞానసర్వస్వమును కూర్చువారి నడుమ విషయమును గూర్చి వివాదము పుట్టుట సహజము. ఒక రాజు ఏ సంవత్సరమున పట్టాభిషిక్తుడయ్యెనో, ఒక శాసనమున కర్థమేమో తేల్చుకొనుటకు పండితులు వాదించుకొందురు. అట్టి వాదమువలన జ్ఞానము పెరుగును. కాని ఆ పట్టాభిషేకపు తేదీని వ్రాయునపుడు దినము ముందా, నెల ముందా యని వాదించుకొని, ఆ వాదము నెలల తరబడి సాగి, తుదకు మధ్యవర్తుల సభ వరకు పోయినదన్నచో వినువారికి నవ్వు వచ్చును. తేదీల వ్రాతను గూర్చి ఆంగ్ల వికీపీడియాలో నించుమించుగా నిట్టి తగవే జరిగినది. దానిని, దానివంటి మరికొన్నింటిని, అవి తీరిన విధమును పరిశీలించుట ఈ వ్యాసమున మా యుద్దేశము. ఇది నవ్వి విడువదగిన విషయము కాదని మా నమ్మకము.

వికీపీడియా 2001 జనవరి 15వ తేదీన ఆంగ్లమున ఆరంభమైనది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనది. ఇందు వ్యాసములు కూర్చువారు స్వచ్ఛందముగా పనిచేయువారు. ఒకరు వ్రాసినదానిని మరియొకరు దిద్దవచ్చును. దిద్దినదానిని వేరొకరు పూర్వస్థితికి త్రిప్పవచ్చును. అచ్చు గ్రంథముల పద్ధతి వేరు. కొమర్రాజు లక్ష్మణరావు గారి ఆంధ్ర విజ్ఞానసర్వస్వము వంటి గ్రంథమునకు సంపాదకుడుండును. ఏ పదమును ఎట్లు వ్రాయవలెనో అతని కలము నిర్ణయించును. నచ్చని వ్యాసకర్త మనసులో గొణుగుకొనవలసినదే. వికీపీడియాలో నట్టి కలము లేదు. ఒకరి మొగమొకరు చూడని వేలమంది తమలో తామే యొప్పందమునకు రావలెను. కావున వ్రాతతీరు తగవు వారికి చిన్న విషయము కాదు. అది వారి సహజీవనమునకే పరీక్ష.

ఈ యొప్పందమునకు వారేర్పరచుకొన్న సాధనములను మొదట తెలిసికొందము. తేదీలు, సంఖ్యలు, విరామచిహ్నములు, శీర్షికలు ఎట్లుండవలెనో తెలుపు లేఖన నియమావళి యొకటి కలదు. ప్రతి వ్యాసమునకును ఒక చర్చాపుట యుండును. అచ్చట తేలనిచో ఇతర సభ్యుల యభిప్రాయములను బహిరంగముగా కోరుదురు. ఆ పిలుపు సాధారణముగా 30 దినములు తెరచియుండును. పిదప వివాదముతో సంబంధము లేని సభ్యుడొకడు వాదములన్నియు చదివి నిర్ణయము ప్రకటించును. అతడు చేతులు లెక్కించుటకంటె యుక్తుల బలమును తూచవలెనని కట్టుబాటు. ఒకే పుటను 24 గంటలలో మూడు మారులకు మించి వెనుకకు త్రిప్పినవాని వ్రాయు హక్కును కొంతకాలము నిలిపివేయవచ్చును. ఈ నియమము 2004లో వచ్చినది. అన్నిటికి పైన సభ్యులెన్నుకొన్న మధ్యవర్తుల సభ యున్నది. అది వ్యాసములలోని విషయమును గూర్చి తీర్పు చెప్పదు. సభ్యుల ప్రవర్తనను మాత్రమే విచారించును. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. వ్రాతతీరు వివాదము అచ్చటికి చేరుసరికి అది వ్రాతతీరు వివాదముగా మిగిలియుండదు. మనుష్యుల కలహముగా మారియుండును.

తేదీల తగవును చూతము. అమెరికావారు నెలను ముందు వ్రాసి దినమును పిదప వ్రాయుదురు. ఇంగ్లండువారును మనవారును దినమును ముందు వ్రాయుదురు. ఉభయులను తృప్తిపరచుటకు ఆంగ్ల వికీపీడియా వారొక యుపాయము పన్నిరి. తేదీని జంట బ్రాకెట్లలో నుంచినచో, సభ్యుడు తనకిష్టమైన వరుసను ముందుగా తెలిపియున్నయెడల, యంత్రమే ఆ వరుసలో చూపును. ఉపాయము చక్కనిదే కాని అది సభ్యులకు మాత్రమే పనికివచ్చెను. కేవలము చదువుకొనుటకు వచ్చువారికి వ్రాసినది వ్రాసినట్లే కనబడెను. ఒక వ్యాసమున రెండు వరుసలు కలగలిసియున్నను, తన కోరికను తెలిపియున్న సంపాదకుని కంటికి అంతయు సమముగానే యుండెను. పైగా ప్రతి తేదీయు వేరొక పుటకు దారితీయు లంకెగా మారి, నిజముగా పనికివచ్చు లంకెలను కప్పివేసెను. 2008లో నియమావళి ఈ పద్ధతిని విడిచిపెట్టెను. అంతట కొందరు స్వయంచాలక సాధనములతో పెక్కు పుటలలోని లంకెలను తొలగింపసాగిరి. మరికొందరు వానిని మరల పెట్టసాగిరి. 2009 జనవరిలో వ్యవహారము మధ్యవర్తుల సభకెక్కి, జూనులో తీర్పు వెలువడెను. పలువురిపై ఆంక్షలు విధింపబడినవి. పిమ్మట సమష్టి సమ్మతితో, నిర్ణీతమైన హద్దులకు లోబడి, ఒక యంత్రసాధనమే ఆ లంకెలను తొలగించెను.

లంకెలను తీసివేయవలెనన్న పక్షమే యుక్తమైనదని మా యభిప్రాయము. ఐనను యుక్తి తమవైపునున్నది గదా యని అందరి సమ్మతికి వేచియుండక వేలకొలది పుటలను మార్చుట న్యాయము కాదు. కొన్ని నెలలు ఆలస్యముగా నైనను అదే పని శాంతముగా జరిగిన తీరే దీనికి సాక్ష్యము. ఈ వివాదపు మూలము వేరొకటి: తన కంటికి కనబడినదే పాఠకునికిని కనబడుచున్నదని సంపాదకుడు తలచుట. ఇంటిలోనివారికి వీధివాకిలి యెత్తు తెలియదు. తల తగులునది అతిథికి.

తేదీల తగవును అందరికి నొకే నియమము చెప్పి తీర్చిరి. వ్యాసపు కుడివైపున నుంచు సంగ్రహపు పెట్టెను గూర్చి మాత్రము అట్టి నియమము చేయలేదు. ఒక వ్యక్తి పేరు, జననమరణములు, వృత్తి మొదలగునవి ఈ పెట్టెలో నుండును. త్వరగా చూచుకొనువారికిది మేలని కొందరు. సంగీతకర్త జీవితమును గళ్లలో నిరికించినచో అర్థము చెడునని మరికొందరు. 2013లో మధ్యవర్తుల సభ, పెట్టె తప్పనిసరియు కాదు, నిషిద్ధమును కాదు, ఏ వ్యాసమున కా వ్యాసమున చర్చించి నిర్ణయించుకొనవలెనని చెప్పెను. వినుట కిది ఉదారముగానే యున్నది. ఫలమేమి? ఒక పుటలో ముగిసిన వాదము మరియొక పుటలో మొదలయ్యెను. 2018లో అదే సభ పెట్టెలను గూర్చిన చర్చలలోని మర్యాదాలోపమును ప్రత్యేకముగా విచారింపవలసి వచ్చెను. నియమము లేకపోవుటయే స్వేచ్ఛ యని మనమనుకొందుము. కాని ప్రతిదినము క్రొత్తగా బేరమాడవలసిన అంగడిలో నోరుగలవాడే గెలుచును. మర్యాదస్థుడు ఇంటికి పోవును. స్వచ్ఛందముగా వచ్చినవాడు ఇంటికి పోయెనా, అతనిని పిలిపించు నధికారి యెవ్వడును లేడు. ఈ తగవులలో నిజముగా నష్టమగునది ఇదియే.

అక్షరముల తగవు మరియొక విధమైనది. 2013లో విడుదలైన స్టార్ ట్రెక్ ఇంటు డార్క్‌నెస్ అను చలనచిత్రపు పేరులో ‘ఇంటు’ అను మాటను ఆంగ్లమున పెద్ద అక్షరముతో నారంభింపవలెనా, చిన్న అక్షరముతోనా యని 2012 డిసెంబరునుండి 2013 జనవరి వరకు వాదము సాగెను. వ్రాసిన మాటలు 40,000 దాటినవి. పేరు నడుమ వచ్చు నట్టి చిన్న పదమునకు చిన్న అక్షరమే నియమము. కాని ‘ఇంటు డార్క్‌నెస్’ అనునది ఉపశీర్షిక యైనచో, అందలి మొదటి పదము గనుక పెద్ద అక్షరము రావలెను. ఉపశీర్షిక యగునో కాదో తెలుపు విరామచిహ్నము ఆ పేరులో లేదు! చిత్రమును తీసినవారును పత్రికలవారును పెద్ద అక్షరమునే వాడుచుండగా తుదకు ఆ వాడుకయే నెగ్గెను. శిష్టప్రయోగమును ప్రమాణముగా గైకొనుట మన వైయాకరణులకు క్రొత్త కాదు. సూత్రము రెండువైపుల లాగినపుడు లోకమునెట్లు వాడుచున్నారో చూచుటయే దారి. ఆ మాట మొదటి దినముననే చూచియున్నచో 40,000 మాటలతో మరి పది వ్యాసములు పుట్టియుండెడివి.

ఈ తీర్పులలో మేలైనది 2005 నాటిదని మా యభిప్రాయము. సంవత్సరములను క్రీస్తు పేర వ్రాయుటా, సామాన్యశకమని వ్రాయుటా యను తగవు అప్పుడు మధ్యవర్తుల యెదుటికి వచ్చెను. నియమావళి రెంటిని అంగీకరించినది. అట్లు రెండు పద్ధతులును ఒప్పైనపుడు, గట్టి కారణము లేక ఒకదానిని తీసి మరియొకదానిని పెట్టరాదని వారు చెప్పిరి. ఆంగ్ల వర్ణక్రమమునకును ఇట్టి న్యాయమే కలదు: ఒక దేశముతో గట్టి సంబంధము గల వ్యాసమున ఆ దేశపు వర్ణక్రమము; సంబంధము లేనిచోట ముందునుండి యున్నది.

మీమాంసాశాస్త్రము నెరిగినవారికి దీనిని చదువగానే వ్రీహియవ వికల్పము తలపునకు వచ్చును. పురోడాశమునకు వరియు విహితమే, యవలును విహితమే. రెండు విధులకును ప్రామాణ్యము సమానము గనుక యజమానుడు దేనినైనను గ్రహింపవచ్చును. కాని వరితో మొదలిడినవాడు ఆ కర్మను వరితోనే ముగింపవలెను. నడుమ యవలకు మారరాదు. మన శాస్త్రకారులు వికల్పమును తేలికగా నంగీకరింపలేదు. ఒకదానిని చేపట్టునపుడు రెండవ విధి ప్రామాణ్యమును పక్కకు నెట్టవలసి వచ్చునని, వికల్పము ఎనిమిది దోషములు గలదని చెప్పిరి. గత్యంతరము లేనపుడే దాని నాశ్రయించిరి. ఆశ్రయించిన పిదప కర్మ మధ్యమున చంచలత్వమునకు చోటీయలేదు. వికీపీడియావారు ఈ శాస్త్రమును చదివి యా నియమమును చేసిరని మేమనము. సమబలము గల రెండు పద్ధతుల నడుమ మనుష్యులు కలసి పనిచేయవలసి వచ్చినపుడు బుద్ధి అచ్చటికే చేరునని మాత్రము అనుచున్నాము.

సంస్కారప్రియులైన మా పాఠకులకు ఇచ్చట నొక సందేహము కలుగవచ్చును. ముందు వచ్చినది నిలువవలెననుట, తాతలనాటి ఆచారమును కౌగిలించుకొనుట కాదా? కాదు. ఈ నియమము రెండును ఒప్పైనచోటనే వర్తించును. బాల్యవివాహమువలన ఒక బాలిక బ్రతుకు చెడును. అది ముందునుండి యున్నదన్న మాట అచ్చట సమాధానము కాజాలదు. తేదీలో దినము ముందుండుటవలన ఎవరి బ్రతుకును చెడదు. హాని కలిగించు ఆచారమును, హానిలేని అలవాటును వేరుపరుపలేనివాడు సంస్కర్త కాడు. ఇంటిలోని ప్రతి చిన్న అలవాటును దిద్దబూనినవానికి పెద్ద సంస్కారము నాటికి తోడు నిలుచువారుండరు.

ఇక మన దేశమునకు సంబంధించిన రెండు నియమములను పోల్చి చూతము. లక్ష, కోటి యను సంఖ్యలు భారతదేశమునకు వెలుపలి పాఠకులలో పెక్కురకు తెలియవు. భారతదేశ విషయమైన వ్యాసములలో వానిని వాడవచ్చును గాని మిలియనులలో నెంతయో కూడ తెలుపవలెనని నియమావళి చెప్పుచున్నది. మనవారి మాట నిలిచినది. పరదేశి పాఠకునికిని అర్థమైనది. ఇది తీర్పు.

లిపుల విషయమున నట్లు జరుగలేదు. ఒకే నదికి, ఒకే నగరమునకు ఏ యే లిపులలో పేరు వ్రాయవలెనను కలహము తెగకుండుటచే, వ్యాసపు ఉపోద్ఘాతమునను సంగ్రహపు పెట్టెలోను భారతీయ లిపులను వాడరాదని 2012లో నిర్ణయించిరి. ఉచ్చారణ తెలుపుటకు అంతర్జాతీయ ధ్వనిలిపిని వాడుమనిరి. లిపులను, భాషలను, ఆ లిపిలో మొదట వ్రాయబడిన గ్రంథములను గూర్చిన వ్యాసములకు మినహాయింపు నిచ్చిరి. వారి కారణములు తేలికవి కావు. ఎవరికివారు తమ లిపిని చేర్చుచుండగా మొదటి వాక్యము సంతగా మారును. తప్పు వ్రాసినను ఆంగ్ల సంపాదకులలో పెక్కురు కనిపెట్టలేరు. తెలుగు వ్యాసమున్నచో దానికి లంకె ఆ పుటలోనే యుండును. ఇవన్నియు ఒప్పుకొనియు మేమీ నిర్ణయమును మెచ్చజాలము. దీని ప్రకారము కన్యాశుల్కము పేరు తెలుగు లిపిలో నుండవచ్చును. దానిని వ్రాసిన గురజాడ అప్పారావు గారి పేరు వారి వ్యాసపు తొలి వాక్యమున నుండరాదు. గ్రంథాలయమున ఆయన పుస్తకమును వెదకువానికి ఆ యక్షరములు అలంకారము కావు, సమాచారము. ఇద్దరు పిల్లలు బొమ్మకై పోట్లాడుచున్నారని తల్లి బొమ్మను అటకపై పెట్టినచో ఇల్లు నిశ్శబ్దమగును. బొమ్మ యెవరిదో తేలదు. లక్షకును కోటికిని చేసిన పనిని లిపికి జేయవచ్చును: తెలుగున రచనచేసిన వ్యక్తి పేరును తెలుగున వ్రాయవలెనన్న ఇరుకైన నియమమును జేసినచో సంతకు తావుండదు, పాఠకునికి లోటుండదు.

తెలుగు వికీపీడియాలో వ్రాయబూనువారు మా పాఠకులలో నుండవచ్చును. క్రీ.శ. యనవలెనా సా.శ. యనవలెనా, వేంకట యనవలెనా వెంకట యనవలెనా యను ప్రశ్నలు వారికిని ఎదురగును. వారికి మేము చెప్పదగినది కొంచెమే. మొదట, ఏ పద్ధతివలననైన పాఠకునికి చిక్కు కలుగుచున్నదా యని చూడుడు. కలిగినచో చర్చించి, ఒప్పించి, పిదప అంతటను మార్చుడు. చిక్కు లేనిచో ముందు వ్రాసినవారి పద్ధతిని గౌరవించి, మీ శ్రమను లేని వ్యాసమును వ్రాయుటకు వినియోగింపుడు. కలహము మాన్పుటకై సమాచారమును చెరిపివేయకుడు. ఆంగ్ల వికీపీడియావారు ఏండ్ల తరబడి కలహించి నేర్చుకొన్నదానిని మనము చదివి నేర్చుకొనగలిగినచో ఆ కలహము మనకైనను సార్థకమగును.