ఒక్క నిఘంటువు చాలదు

“ఇన్నెందుకండీ, ఒకటుంటే చాలదా?” మా బీరువా ముందు నిలబడ్డవాళ్లు ఎవరైనా అడిగేది ఇదే. చాలదు. నిఘంటువు చేసినాయన ఎవరి మాటలు చెవిన వేసుకున్నాడో అవే అందులో ఉంటాయి. మిగతావాళ్ల మాటలు కావాలంటే ఇంకోటి కొనాల్సిందే.

శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువునే చూడండి. పిఠాపురం రాజావారి పోషణ, జయంతి రామయ్య పంతులుగారి పూనిక. మొదటి సంపుటం 1936లో వచ్చింది. ఎనిమిదీ పూర్తయ్యేసరికి తరం మారిపోయింది. మాట, అర్థం, కింద ప్రయోగం, చివర ‘భార. ఆది.’, ‘ఆము.’ అంటూ కావ్యాల పేర్లకు పొట్టి గుర్తులు. కావ్యాల్లో కనిపించిన మాటకే పెద్దపీట. వాడుక మాటలకు చోటేదని గిడుగు రామమూర్తి పంతులుగారు దుయ్యబట్టారు. నా ఓటు గిడుగువారికే. అయినా ఆ సంపుటాలను వదులుకోలేను. అర్థం తెలిసిన మాటను కూడా ఏ కవి ఎలా వాడాడో చూద్దామని తీస్తాను. ఇక ఆ పూటకి వేరే పని సాగదు.

బ్రౌన్ దొర దారి వేరు. 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో కావ్యాల మాటల పక్కనే జనం నోటి మాటలూ ఉంటాయి. అక్కడితో ఆగలేదు. కచేరీల్లో దొర్లే పారసీ, హిందుస్తానీ మాటల కోసం 1854లో మిశ్రభాషా నిఘంటువు విడిగా వేశాడు. పాత భూమి కాగితాలు చదవాల్సి వస్తే నాకు అదే దిక్కు.

బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. నా దగ్గరున్నది తర్వాతి ముద్రణ. ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, అట్ట ఊడి, కుట్టు వదిలిన స్థితిలో దొరికింది. అంతకుముందు దాన్ని వాడిన మనిషి ఎవరో బడిపంతులై ఉంటారని నా ఊహ. మార్జిన్ల నిండా పెన్సిలుతో సన్నటి రాత. అచ్చులో లేని మాటలు ఆయన చేర్చుకుంటూ పోయారు. ‘క’ మొదట్లో ‘కంట్రోలు బియ్యం’, కొన్ని పేజీల తర్వాత ‘కరెంటు’. కరెంటుకి అర్థం రాసుకున్నారు. కంట్రోలు బియ్యానికి రాసుకోలేదు, ఆ రోజుల్లో అక్కర్లేకపోయిందేమో! బైండింగుకి ఇచ్చినప్పుడు ఒకటే చెప్పాను, అంచులు కొయ్యొద్దని. “కొయ్యకపోతే నీటుగా రాదు సార్” అన్నాడతను. రాకపోతే పోయింది. కోస్తే పంతులుగారి మాటల్లో సగం పోతాయి.

వానాకాలం పోగానే అన్నిటినీ బయటికి తీసి నీడలో ఆరబెడతాను. పాత కాయితం ఎండకి పెళుసెక్కుతుంది. బీరువా మూలల్లో వసకొమ్ము ముక్కలు పెడతాను. పురుగు మాట ఎలా ఉన్నా వాసన బాగుంటుంది.

పొలంలోకి దిగి మాటలు ఏరిన పుస్తకం ఒకటుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశం, వ్యవసాయ సంపుటం, 1962. కోస్తాలో నాగలి అన్నది సీమలో మడక. మేడి, కర్రు, నొగ, కాడి అంటూ భాగభాగానికీ పేరుంది. వీటిని పద్యాల్లో వెతికితే ఎన్ని దొరుకుతాయి? రైతును అడిగినవాళ్లకే దొరికాయి. నన్నడిగితే ఆధునిక తెలుగు నిఘంటువుల్లో దీన్ని మించిన పని లేదు.

ఇప్పుడు ఫోన్‌లో ఆంధ్రభారతి వెబ్‌సైటు తెరిచి ఒక్క మాట కొడితే చాలు, ఎన్నో నిఘంటువులు ఒకేసారి పలుకుతాయి. నేనూ రోజూ వాడతాను, ఆ పని చేసినవాళ్లకు దండం పెట్టాలి. కానీ అలా వెతికేటప్పుడు పీఠిక ఎవరు చదువుతారు? ఏ మాటలు తీసుకున్నారు, ఏవి వదిలారు, ఎందుకు వదిలారు అన్నది ఉండేది అందులోనే. అందుకే కొత్తగా ఏ నిఘంటువు ఇంటికొచ్చినా ముందు పీఠిక, ఆ తర్వాత సంకేతాల పట్టిక చదివాకే ‘అ’ దగ్గరికి వెళ్తాను.

మాండలిక వృత్తి పదకోశంలోనే 1971లో వచ్చిన చేనేత సంపుటం నా దగ్గర లేదు. పాత పుస్తకాలాయనకి చెప్పి ఉంచాను. “వస్తే మీకే సార్. రేటు మాత్రం అడక్కండి” అన్నాడు. అడక్కుండా ఎలా ఉంటాను?