గర్భం – సమ్మతి: 'మైదానం' నుంచి 'అబార్షన్ స్టేట్‌మెంట్' వరకు

తెలుగు సాహిత్యంలో గర్భస్రావ ప్రస్తావన కొత్తది కాదు. అయితే అది పాపమా కాదా అన్న చర్చ జరిగినంతగా, నిర్ణయం ఎవరిదన్న చర్చ జరగలేదు. 1920లలో వచ్చిన చలం 'మైదానం' ఈ రెండవ ప్రశ్నను ముందుకు తెస్తుంది. గర్భవతి అయిన రాజేశ్వరిని గర్భం తీయించుకోమని అమీర్ ఒత్తిడి చేస్తాడు; ఆమె అందుకు ఇష్టపడదు. కులాన్నీ కాపురాన్నీ వదిలి వచ్చిన స్త్రీకి సైతం తన గర్భం విషయంలో తన మాట నెగ్గించుకోవడం కష్టమైంది. దీనిని గర్భస్రావానికి వ్యతిరేకమైన వాదనగా చదవడం సమంజసం కాదు. అక్కడ దోషం చికిత్సలో లేదు, బలవంతంలో ఉంది.

స్త్రీవాద కవిత్వం ఈ ప్రశ్నను స్త్రీ గొంతుతోనే వేసింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' ప్రసవాన్ని, పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' గర్భస్రావాన్ని కవితావస్తువులుగా స్వీకరించాయి. 'స్టేట్‌మెంట్' కోర్టుకూ పోలీసు స్టేషనుకూ చెందిన మాట. అడిగేవాడు ఒకడుంటేనే వాంగ్మూలం ఉంటుంది. ఆ శీర్షికే స్త్రీ తన దేహం గురించి సంజాయిషీ ఇవ్వవలసిన స్థితిని స్ఫురింపజేస్తుంది.

చట్టం కూడా ఆ స్థితిని పూర్తిగా తొలగించలేదు. 1971 నాటి వైద్య గర్భస్రావ చట్టం ప్రకారం వయోజన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు, భర్త అనుమతి అక్కరలేదు. 2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచింది. అవివాహితలకూ ఆ అవకాశం వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా చట్టం రక్షణ కల్పించేది వైద్యుని అభిప్రాయం ఆధారంగానే. కోరినంత మాత్రాన పొందగల హక్కును స్త్రీకి ఇవ్వలేదు.

ఈ హక్కు ఆడశిశువుల పిండహత్యకు దారితీస్తుందన్న ఆక్షేపణ ఉంది. లింగనిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం వేరుగా ఉంది. పైగా మగబిడ్డ కోసం కుటుంబం చేసే ఒత్తిడీ అమీర్ చేసిన ఒత్తిడి వంటిదే. రెండింటిలోనూ హరించుకుపోయేది స్త్రీ సమ్మతే.

జగ్గయ్యపేట, నందిగామ వంటి కృష్ణా మెట్ట ప్రాంతాలలో మిర్చి కోతకో పత్తితీతకో వెళ్లే స్త్రీకి ఈ చర్చ పుస్తకాలకు పరిమితమైనది కాదు. ఆసుపత్రికి వెళితే ఆ రోజు కూలి పోతుంది; ఆలస్యమైతే గడువు దాటుతుంది. చట్టబద్ధమైన దారి మూసుకుపోతే అవసరం ఆగదు, నాటువైద్యం వైపు మళ్లుతుంది. కనుక గర్భస్రావ సాహిత్యాన్ని నీతితో తూచే విమర్శ సరిపోదు. సమ్మతిని ప్రమాణంగా తీసుకుంటే, బిడ్డను కోరిన రాజేశ్వరీ వద్దనుకున్న మరొక స్త్రీ ఒకే హక్కును అడుగుతున్నారని తేలుతుంది.