గుండెను ముందే చూసేందుకు డబ్బెవరిస్తారు?

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం 2009లో ఒక చట్టం చేసింది. 45 నుంచి 76 ఏళ్లలోపు మగవాళ్లకూ, 55 నుంచి 76 ఏళ్లలోపు ఆడవాళ్లకూ షుగర్ ఉన్నా, గుండెజబ్బు ముప్పు మధ్యస్థంగానో అంతకుమించో ఉన్నా, ఐదేళ్లకోసారి గుండె రక్తనాళాల్లో కాల్షియం కొలిచే సీటీ స్కాన్‌కో మెడ నాళాల అల్ట్రాసౌండ్‌కో బీమా సంస్థ 200 డాలర్ల దాకా చెల్లించాలి. అంతకు రెండేళ్ల ముందే, 2007లో, మన ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది. బైపాస్‌కు పొలం అమ్ముకోవాల్సిన గతి తప్పించిన పథకం అది. 2023 డిసెంబరులో తెలంగాణ దాని పరిమితిని 10 లక్షలకు పెంచింది. పరిమితి పెరిగింది గానీ చెల్లింపు మొదలయ్యే చోటు మారలేదు. నాళం పూడుకుపోయి మనిషి ఆస్పత్రిలో చేరాకే డబ్బు కదులుతుంది.

అలాగని టెక్సాస్ చట్టాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. బీమా లేనివాడికి అది ఏమీ ఇవ్వదు. ఆ వయసులూ మనకు కుదరవు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోంది, మిగతావాళ్లకంటే దాదాపు ఆరేళ్లు ముందు. 55 దాటేదాకా ఆడవాళ్లను ఆగమనడం ఇక్కడ అన్యాయం.

మరి మనకు నమూనా ఎక్కడుంది? భూపాలపల్లిలోనే ఉంది. కాకతీయ ఖనిలో దిగే సింగరేణి కార్మికుడికి 1955 నాటి గనుల నిబంధనల ప్రకారం జబ్బున్నా లేకున్నా నిర్ణీత కాలానికోసారి వైద్యపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే జరగాలి. ఖర్చు యాజమాన్యానిది. అంటే జబ్బు బయటపడకముందే చూడాలనే సూత్రాన్ని మన చట్టం ఏనాడో ఒప్పుకుంది, ఊపిరితిత్తుల వరకు. పక్క ఊళ్లో పత్తి రైతుకు ఆ హక్కు లేదు. ఆదాయపు పన్నులో 80డి కింద ముందస్తు పరీక్షలకు 5,000 రూపాయల మినహాయింపు ఉంది కదా అంటారు. పన్ను కట్టే ఆదాయమే లేని మహబూబాబాద్ కూలీకి దానితో ఏం పని?

అందరికీ స్కాన్ చేయమని నేను అడగడం లేదు. డెన్మార్క్‌లో 65–74 ఏళ్ల మగవాళ్లను ఇలా పిలిచి పరీక్షించిన పెద్ద అధ్యయనం 2022లో వెలువడింది. మొత్తం మరణాలు చెప్పుకోదగినంత తగ్గినట్టు అందులో తేలలేదు. కాబట్టి ముప్పును బట్టి ఎంచుకోవాలి. 30 ఏళ్లు దాటినవాళ్ల బీపీ, షుగర్ వివరాలు ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇప్పటికే రాస్తున్నారు. ఆ జాబితాలోంచి ఎవరికి ఈసీజీ చాలు, ఎవరికి టూడీ ఎకో కావాలి, ఎవరికి కాల్షియం స్కాన్ అవసరమో డాక్టరు తేల్చాలి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఈ పని అక్కడే జరగాలి.

ఆరోగ్యశ్రీలో ఇందుకు ప్యాకేజీ పెట్టేటప్పుడు స్కాన్ ధర ఒక్కటే రాసి వదిలేయకూడదు. వరంగల్ దాకా పోవాల్సివస్తే రానుపోను ఛార్జీ, పోయిన ఆ రోజు కూలి, కాల్షియం కనిపించినవాళ్లకు నెలనెలా స్టాటిన్, బీపీ మాత్రలు కూడా అందులోనే ఉండాలి.