గదికి కాపలా ఉండే చేతులు

అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే ఎందరో వృద్ధులకు ఇల్లే. శుభ్రమైన, సురక్షితమైన, ఇంటిలాంటి గది వాళ్ల హక్కని ఫెడరల్ నిబంధనలే చెబుతాయి. ఆ హక్కు రోజూ నిలబడేది గదులు శుభ్రం చేసేవాళ్ల వల్లే.

పనితనం గుమ్మం దగ్గరే తెలుస్తుంది. తలుపు తట్టి, అడిగి లోపలికి వస్తారు. పైనుంచి కిందికి తుడుస్తారు, స్నానాలగది ఆఖరున. మంచం కమ్మీలు, తలుపు పిడి, టీవీ రిమోట్ లాంటి పదిమంది చేతులు పడేవాటిని అసలు వదలరు. మందు చల్లి వెంటనే తుడిచేస్తే క్రిములు చావవు. సీసా మీద రాసినన్ని నిమిషాలు తడి నిలవాలి. విరేచనాలు తెప్పించే సి. డిఫిసిల్ బ్యాక్టీరియా బీజాలకైతే ఆల్కహాల్ ఒక లెక్కే కాదు, బ్లీచ్ లాంటి ఘాటైన మందు పడాల్సిందే.

ఎంత ఓపిక కావాలి!

పరికరాల మీదా కన్నుంటుంది. చక్రాల కుర్చీ బ్రేకు పడుతోందా? మనిషిని లేపే యంత్రం జోలె చిరిగిందా? మంచం కమ్మీల మధ్య తల ఇరుక్కోకుండా సందు 120 మిల్లీమీటర్లకన్నా తక్కువే ఉండాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో సూచించింది. లోపం కనబడితే వెంటనే మరమ్మతువాళ్లకు కబురు వెళుతుంది.

తుడవడానికి జరిపిన కళ్లజోడు, చేతికర్ర మళ్లీ ఉన్నచోటికే చేరతాయి. చూపు మందగించినవాళ్లు తడుముకోనక్కర్లేదు. పిలుపు గంట మీట చేతికి అందేలా పెట్టాకే బయటికి వస్తారు. నేల ఆరేదాకా పసుపుపచ్చ హెచ్చరిక బోర్డు తీయరు.