ముందుగాల మానిటర్ చెప్పన్నా

హైదరాబాద్ మెట్రో నీలం లైనులో ప్యారడైజ్ స్టేషన్ దగ్గర దిగితే పార్క్‌లేన్ వస్తుంది. అక్కడ కంప్యూటర్ విడిభాగాల షాపులున్న చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. ఊళ్లో ఎవరూ అంత పొడుగు పేరు పలకరు, సీటీసీ అంటారు. దిగకుండా అదే రైల్లో కూర్చుంటే అమీర్‌పేట, మాదాపూర్, దుర్గం చెరువు దాటి హైటెక్ సిటీ, ఆ తర్వాత ఆఖరి స్టేషన్ రాయదుర్గం. ఆ చుట్టుపక్కల గాజు భవనాల్లో ఏఎండీ, ఎన్విడియా, ఇంటెల్, క్వాల్‌కామ్ ఇంజనీర్లు చిప్పుల మీద పని చేస్తుంటారు. రాయదుర్గం స్టేషన్ 2019 నవంబర్ 29న తెరుచుకుంది. ఆ వెంటనే డిసెంబర్‌లో ఇంటెల్ ఇక్కడ తన డిజైన్ కేంద్రాన్ని మొదలుపెట్టింది. అప్పట్లో ఆ సంస్థ గ్రాఫిక్స్ విభాగానికి పెద్ద రాజా కోడూరి. కొవ్వూరులో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివిన మనిషి. చిప్పు గీసేవాళ్లు లైనుకి ఒక కొసన ఉంటే, ఆ చిప్పుని క్యాబినెట్‌లో బిగించేవాళ్లు ఇంకో వైపున ఉన్నారు. ఈ వ్యాసం బిగించేవాళ్ల విద్య గురించి.

అసెంబుల్డ్ సిస్టమ్ కట్టించుకోవడం ఈ ఊళ్లో కొత్తగా పుట్టిన సరదా కాదు. బ్రాండెడ్ కంప్యూటర్ ఖరీదుకి భయపడ్డ కాలం నుంచీ విద్యార్థులు, చిన్న ఆఫీసులవాళ్లు, ఫొటో స్టూడియోలవాళ్లు కాగితం మీద కొటేషన్ రాయించుకుని నాలుగు షాపులు తిరిగేవాళ్లు. ఇప్పుడు కొండాపూర్, గచ్చిబౌలి పీజీల్లో ఉండే కుర్రాళ్లు తిరుగుతున్నారు. పొద్దున కంపెనీ ల్యాప్‌టాప్ మీద ఉద్యోగం, రాత్రి సొంత సిస్టమ్ మీద వాలొరంట్. చేతిలో ఉన్నది ఒక నెల జీతంలో కొంత. అందులోనే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మిగతా సరంజామా అన్నీ రావాలి. అసలు నేర్పు బయటపడేది ఈ ఇరుకు బడ్జెట్‌లోనే. డబ్బు బాగా ఉన్నవాడికి ప్రాసెసర్‌కీ కార్డుకీ జత కుదర్చడానికి ఎవరి సలహా అక్కర్లేదు.

కొత్తవాడు షాపులో అడుగుపెట్టగానే వినే ప్రశ్న “బడ్జెట్ ఎంతన్నా?” పని తెలిసినవాడు అక్కడ ఆగడు. “ముందుగాల మానిటర్ ఏముందో చెప్పన్నా, ఏం గేములు ఆడుతవ్?” అంటాడు. ఆ రెండో ప్రశ్నలోనే విద్యంతా ఉంది.

ఎందుకో చూద్దాం. ఆటలో ప్రతి ఫ్రేముకీ రెండు పనులు జరగాలి. ఎదుటివాడు ఎక్కడున్నాడు, తూటా ఎటు పోయింది, సర్వర్ నుంచి ఏ కబురొచ్చింది, ఇప్పుడు తెరమీద ఏమేం గీయాలి అన్న లెక్క తేల్చి, ఆ జాబితాని కార్డుకి అందించేది ప్రాసెసర్. దాన్ని అందుకుని రంగులు, నీడలు, నీళ్లలో ప్రతిబింబాలు పూసేది గ్రాఫిక్స్ కార్డు. 60 హెర్ట్జ్ మానిటర్‌కి ఈ రెండు పనులకీ ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్ల గడువు. 144 హెర్ట్జ్ అయితే 6.9 మాత్రమే. కార్డు ఒక ఫ్రేము గీస్తుండగానే ప్రాసెసర్ తర్వాతి ఫ్రేము లెక్క చూస్తూ, రెండూ గొలుసులా సాగుతాయి కాబట్టి ఎవరు ఆలస్యం చేస్తే వాళ్ల వేగమే ఆట వేగం. ఒక దృశ్యంలో ప్రాసెసర్‌కి 8 మిల్లీసెకన్లు, కార్డుకి 12 పట్టిందనుకోండి. సెకనుకి 83 ఫ్రేములు వస్తాయి. సెట్టింగులు తగ్గించి కార్డు పనిని 5కి దించితే, ఇక ప్రాసెసర్ 8 దగ్గర నిలబడిపోతుంది. 125 ఫ్రేములు దాటవు. ఆపైన ఎంత ఖరీదైన కార్డు తెచ్చి పెట్టినా ఆ 125 అలాగే ఉంటుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. రిజల్యూషన్ పెంచితే భారమంతా దాదాపు కార్డు మీదే పడుతుంది. ప్రాసెసర్ పని పెద్దగా మారదు, ఎందుకంటే 1080పీలో ఉన్న శత్రువులే 1440పీలోనూ ఉంటారు. కాబట్టి మానిటర్ ఎన్ని పిక్సెళ్లదో చూసి కార్డుని, ఎన్ని హెర్ట్జ్‌లదో చూసి ప్రాసెసర్‌ని ఎంచాలి. ఆట ఏదన్నది కూడా లెక్కలోకి వస్తుంది. వాలొరంట్, కౌంటర్‌స్ట్రైక్ 2 లాంటివాటిలో కార్డు తేలిగ్గానే ఉంటుంది, ప్రాసెసర్ చెమటోడుస్తుంది. సైబర్‌పంక్ 2077 లాంటి ఆటలో కార్డుకి ఊపిరాడదు, అందులోనూ రే ట్రేసింగ్ వేస్తే ప్రాసెసర్ మీదా బరువు పెరుగుతుంది. ఏ ప్రాసెసర్‌కి ఏ కార్డు పెడితే ఎంత శాతం బాటిల్‌నెక్ అని చెప్పే కాలిక్యులేటర్లు కొన్ని తిరుగుతుంటాయి. ఆటా మానిటరూ తెలియకుండా శాతం చెప్పేవాడిని నేను నమ్మను.

సరే, తక్కువ ఖరీదు ప్రాసెసర్లలో ఏది? కొన్నేళ్లుగా ఈ ప్రశ్నకి చాలావరకు రెండు పేర్లు వినిపిస్తున్నాయి. 2022 జనవరిలో వచ్చిన ఇంటెల్ ఐ3-12100ఎఫ్, అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన ఏఎండీ రైజన్ 5 5600. మొదటిదానికి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. రెండోదానికి ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. 60, 75 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాడికి ఐ3 చాలు. కానీ కొత్త ఆటల్లో నాలుగు కోర్లున్న ప్రాసెసర్ సగటు ఫ్రేములు బాగానే చూపిస్తూ మధ్యమధ్యలో తడబడుతుంది. వీధి మలుపు తిరిగినప్పుడో, పొగబాంబు పేలినప్పుడో టక్కున ఆగుతుంది. సగటు అంకె చూసి మురిసిపోకుండా, అట్టడుగు ఒక శాతం ఫ్రేములు ఎలా ఉన్నాయో చూడాలి. కంటికి తెలిసేది అదే. నన్నడిగితే నూటికి ఎనభై సందర్భాల్లో ఆరు కోర్ల వైపే మొగ్గుతాను.

ఈ వరుసలో పేర్లు దగ్గరగా ఉండి మోసపుచ్చేవి కొన్ని ఉన్నాయి. రైజన్ 5 5500, 5600 పక్కపక్కన పెడితే ఒక్క అంకె తేడా. లోపల తేడా పెద్దది. 5600కి 32 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంటే 5500కి 16 మాత్రమే. ఆటలకి క్యాష్ ప్రాణం లాంటిది, ర్యామ్ దాకా పరుగెత్తే పని తప్పిస్తుంది. పైగా 5500 కార్డుతో పీసీఐఈ 3.0 వేగంతోనే మాట్లాడుతుంది, 5600 మాత్రం 4.0తో. 5600జి కూడా అంతే, 16 ఎంబీ, 3.0. ఇందులో చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది కాబట్టి, “ఇప్పుడు దీంతో ఆడుకో, కార్డు వచ్చే ఏడాది చూద్దాం” అనుకునేవాళ్లకి ఇది మంచి దారి. వచ్చే ఏడాది కొనబోయే కార్డు ఏదో ఇప్పుడే ఆలోచించుకుంటే ఇంకా మంచిది.

ఎందుకంటే చవక కార్డుల తయారీలో ఒక పొదుపు ఉంది. మదర్‌బోర్డు మీద కార్డు కూర్చునే స్లాటుకి పదహారు దారులుంటాయి. కానీ ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 లాంటివి అందులో ఎనిమిదే వాడతాయి. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అయితే నాలుగే. 4.0 వేగంలో నాలుగు దారులు ఎలాగోలా సరిపోతాయి. పాత బీ450 బోర్డు మీద, లేదా 5500తో పెడితే వేగం సగమవుతుంది. ఆ కార్డుకి మెమరీ 4 జీబీయే కావడంతో, అందులో పట్టని టెక్స్‌చర్లన్నీ ఆ ఇరుకు దారిలోనే ర్యామ్‌లోంచి రావాలి. అప్పుడు ఆట ముక్కలు ముక్కలుగా నడుస్తుంది. ఆర్‌ఎక్స్ 6600కి ఈ బాధ తక్కువ. 8 జీబీ మెమరీ, 132 వాట్లు, 1080పీకి నిఖార్సైన పని. బడ్జెట్ జతల్లో రైజన్ 5600, ఆర్‌ఎక్స్ 6600 జోడీ ఇంతకాలం నిలబడిందంటే కారణం ఇదే: ఒకటి ఇంకోదాని కోసం ఖాళీగా కూర్చునే సందర్భాలు వీటి మధ్య తక్కువ.

కార్డుని నడిపే డ్రైవర్ కూడా ప్రాసెసర్ మీదే నడుస్తుంది. ఇది బిగించేవాళ్లలోనూ చాలామందికి ఆలస్యంగా తెలిసింది. ఇంటెల్ 2024 డిసెంబర్‌లో ఆర్క్ బీ580 విడుదల చేసింది. 12 జీబీ మెమరీ, విడుదలప్పుడు అమెరికాలో ధర 249 డాలర్లు. ఖరీదైన ప్రాసెసర్లతో పరీక్షించినవాళ్లు మెచ్చుకున్నారు. ఇంకో నెలకి, 2025 జనవరిలో, అసలు ఆ కార్డు కొనబోయేవాళ్ల దగ్గరుండే రైజన్ 2600, 3600 లాంటివాటితో పెట్టి చూస్తే కొన్ని ఆటల్లో ఫ్రేములు దారుణంగా పడిపోయాయి. కొన్నిట్లో 5600తో కూడా తేడా కనిపించింది. ఇంటెల్ డ్రైవర్ ప్రాసెసర్‌ని ఎక్కువగా తినేయడమే కారణం. తర్వాతి డ్రైవర్లతో కొన్ని ఆటల్లో సర్దారు. అయినా చవక కార్డుని చవక ప్రాసెసర్‌తో కాకుండా ఇంకదేనితో పరీక్షిస్తారో నాకిప్పటికీ అర్థం కాదు. ఆర్క్ కార్డులకి రీసైజబుల్ బార్ అనే సౌకర్యం బయాస్‌లో వేసి ఉండాలన్నది ఇంకో షరతు. పాత బోర్డుల్లో అది ఉందో లేదో ముందే చూసుకోవాలి.

మొదట్లో చెప్పిన కోడూరి, ఇంటెల్‌కి రాకముందు ఏఎండీలో గ్రాఫిక్స్ పెద్దగా ఉన్నప్పుడు, 2016 జూన్‌లో ఆర్‌ఎక్స్ 480 వచ్చింది. 4 జీబీ రకం 199 డాలర్లు. మంచి గ్రాఫిక్స్‌ని మధ్యతరగతి ధరకి దించాలన్నది అప్పటి పంతం. దాని తమ్ముడు ఆర్‌ఎక్స్ 580 ఇవాళ్టికీ సెకండ్ హ్యాండ్ బజారులో దొరుకుతుంది. ఇందులో ఒక కిటుకు. అసలు 580లో 2304 షేడర్లుంటాయి, 2048ఎస్‌పీ అనే రకంలో 2048 మాత్రమే. అది నిజానికి 570తో సమానం. పెట్టె మీద కొన్నిసార్లు 580 అనే ఉంటుంది. జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాం తెరిస్తే నిజం తెలిసిపోతుంది. 2021లో క్రిప్టో తవ్వకాల పుణ్యమా అని కార్డుల ధరలు ఆకాశాన్నంటాయి. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో నాణెం ఆ తవ్వకం పద్ధతికి స్వస్తి చెప్పాక, రాత్రింబవళ్లు పని చేసిన కార్డులు బజారులోకి వచ్చిపడ్డాయి. తవ్విన కార్డులన్నీ చెడ్డవి కావు. ఫ్యాన్లు, మెమరీ మీద థర్మల్ ప్యాడ్లు అరిగి ఉంటాయి, అంతే. షాపులోనే అరగంట భారమైన పరీక్ష పెట్టి, వేడెంతవుతుందో, తెరమీద చుక్కలు వస్తాయేమో చూసి డబ్బులివ్వడం నయం.

ఇక ర్యామ్. 16 జీబీ కావాలంటే “ఒకే స్టిక్ తీసుకో, రేపు ఇంకోటి వేసుకోవచ్చు” అనే మాట బాగా వినిపిస్తుంది. చవక ప్రాసెసర్‌కి ఇది చేటు. రెండు 8 జీబీ స్టిక్కులు వేస్తే డేటా రెండు దారుల్లో వస్తుంది, చిన్న క్యాష్ ఉన్న ప్రాసెసర్‌కి ఆ తేడా నేరుగా ఫ్రేముల్లో కనిపిస్తుంది. 5600జి లాంటివాటి లోపలి గ్రాఫిక్స్‌కైతే ఇక చెప్పనక్కర్లేదు, దాని మెమరీయే ఈ ర్యామ్.

ఎస్‌ఎంపీఎస్ విషయంలో పొదుపు చేయకూడదని అందరూ చెప్తారు, నేను యూపీఎస్ గురించి చెప్తాను. మన ఇళ్లలో సాధారణంగా ఉండేది 600 వీఏ యూపీఎస్. దాని అసలు సత్తా చాలావాటికి 360 వాట్లే. ఆర్క్ బీ580 ఒక్కటే 190 వాట్లు. ప్రాసెసర్, బోర్డు, మానిటర్ కలిపితే ఆట మధ్యలో 300 దాటి ఆ హద్దుకి దగ్గరవుతుంది. కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కీచుమని సిస్టమ్‌తో సహా ఆగిపోవచ్చు. 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060తో అదే యూపీఎస్ హాయిగా మోస్తుంది. మే నెల హైదరాబాద్‌లో, ఏసీ లేని పీజీ గదిలో, వాట్లు తక్కువైన కార్డుకి ఇంకో విలువ కూడా ఉంది. కార్డు లాగిన కరెంటంతా చివరికి వేడిగా ఆ గదిలోకే వస్తుంది.

కొన్నాక జత కుదిరిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద తంతు అక్కర్లేదు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ వేసుకుని, వీసింక్, ఫ్రేముల పరిమితి తీసేసి ఆట నడిపితే తెరమూల అంకెలు కనిపిస్తాయి. కార్డు వాడకం 95 నుంచి 99 శాతం మధ్య ఉంటే కార్డే హద్దు. 60, 70 దగ్గర తచ్చాడుతుంటే ప్రాసెసర్ వెనకబడుతోందని అర్థం. ప్రాసెసర్ వాడకం 45 శాతమే చూపిస్తోంది కదా అనుకోవద్దు. పన్నెండు థ్రెడ్లలో ఒకటి మాత్రం నిండిపోయి, మిగతావి తీరిగ్గా ఉన్నా మొత్తం అంకె తక్కువగానే కనిపిస్తుంది. రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఫ్రేములు పెరగకపోతే సందేహమే లేదు. అలాంటప్పుడు డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ అప్‌స్కేలింగ్ వేసినా లాభం ఉండదు, అవి తగ్గించేది కార్డు భారాన్ని. గుంపుల సాంద్రత, చూపు దూరం లాంటి సెట్టింగులు తగ్గిస్తే ప్రాసెసర్‌కి కాస్త ఊరట.

ప్రాసెసరే హద్దని తేలిందా, ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డున్నవాడు అదృష్టవంతుడు. 2017లో కొన్న బోర్డులు చాలావరకు బయాస్ అప్‌డేట్ చేస్తే 2022లో వచ్చిన 96 ఎంబీ క్యాష్ 5800ఎక్స్3డీ దాకా తీసుకుంటాయి. బోర్డు, ర్యామ్, క్యాబినెట్ అన్నీ అవే. తయారీదారు వెబ్‌సైటులో మీ బోర్డు జాబితాలో ఆ చిప్పు పేరుందో లేదో చూసి, అప్‌డేట్ మాత్రం కరెంటు నమ్మకంగా ఉన్నచోట, వీలైతే కొన్న షాపులోనే చేయించుకోండి. మధ్యలో కరెంటు పోతే చాలా పాత బోర్డులు మళ్లీ లేవవు.